వెండికళ్ల మలుపు

పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. అది పోయేదాకా బండి తీయకూడదని స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. చీకటి కోసం కాచుకుని కూర్చున్న మనిషి ఈ చంద్రబండలో నేనొక్కడినే అయి ఉంటాను. మిగతావాళ్లు మేకల్ని తోలుకుంటున్నారు, పిల్లల్ని పిలుచుకుంటున్నారు, ఎండకు పరిచిన మిరపకాయలు గంపలకెత్తుతున్నారు. ఆ ఘాటు కారు అద్దాల సందుల్లోంచి వచ్చి గొంతులో కూర్చుంది. ముందరి అద్దంలో ఆకాశం పాత గోనెసంచి రంగుకు తిరిగింది. శుక్లం ముదిరిన కంట్లోంచి లోకం ఇలాగే కనిపిస్తుందట, ఆపరేషన్ అయినవాళ్లు చెబుతారు, కట్టు విప్పాక తెల్లగోడను చూసి ఏడ్చినవాళ్లున్నారు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాను. ఆకాశం అదే రంగులో ఉంది. మంచిది, ఆ రంగు ఆకాశానిదే.

ఈ మధ్య ప్రతి గురువారం ఇలాగే జరుగుతోంది. పొద్దున వచ్చి దర్జీ దుర్గప్ప అరుగు మీద చత్వారం అద్దాలు పరుచుకుని కూర్చుంటాను, సందెవేళ తిరిగి రాయచూరు బయల్దేరతాను, దారిలో దురుగమ్మ మలుపు దగ్గర, సరిగ్గా అక్కడే, నా పాత ఫియట్ ముందు లైట్లు రెండూ ఒక్కసారిగా ఆరిపోతాయి. అంతకు ముందు ఆరవు, ఆ తర్వాత ఆరవు. ఊళ్లో ఎన్ని సందులు తిరిగినా ఆరవు. చేతికందిన మీటలన్నీ పైకీ కిందికీ కదిలిస్తే ఎప్పుడో మళ్లీ వెలుగుతాయి. ఎలక్ట్రీషియన్ రంగా బల్బులు మార్చాడు, ఫ్యూజుల తుప్పు గీకాడు, బ్యాటరీ తీగలు బిగించాడు, షెడ్డులో గోడకెదురుగా నిలబెట్టి ఎంతసేపు వెలిగించినా అవి రెప్ప వేయలేదు. "బండికేం లేదు సార్, ఆ జాగనే బాగలేదు," అని నవ్వాడు. నవ్వాక ఒక నిమ్మకాయ తెచ్చి బంపరుకు కట్టాడు. ఆ నిమ్మకాయ ఎండి గోలీ అయింది, ఇంకా అక్కడే ఉంది.

బళ్లారి నుంచి మా నేత్ర ఫోన్లో అన్న మాట వేరు. చష్మాల దుకాణం వాడి కూతురికి నేత్ర అని పేరు పెడితే బజారంతా నవ్వారు, కానీ చూపు మాత్రం దానిదే, దేన్నీ చుట్టూ తిప్పి చెప్పదు. "నాన్నా, లైట్లు ఆరుతలేవేమో. నీకే ఒక్క గడియ చీకట్లు వస్తున్నయేమో. డ్రైవింగ్‌ల గట్లయితే ఏమైతదో నీకు మాలూమ్ కాదా?" అంది. నేను నవ్వేశాను, ఫోను పెట్టేశాక నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తర్వాత మాటిచ్చాను. ఈ గురువారం కూడా ఆ మలుపులో చీకటైతే తాళంచెవి అల్లుడు అమరేశ్ చేతిలో పెడతానని. అమరేశ్ అప్పుడే ఎవరో హోటలాయనతో మాట్లాడి ఉంచాడు. బండిని వాకిట్లో నిలబెట్టి, బానెట్ తీసేసి, ఇంజను ఉండే చోట పూలకుండీలు పెడతారట. చూడటానికి బాగుంటుందట. బాగానే ఉంటుంది, కాదనను.

ఒప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ఎవరికీ చెప్పనిది. నేత్ర అన్నది నిజమే కావచ్చునని నాకు భయం. చూపు తగ్గినవాళ్లు ఏం చేస్తారో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ జిల్లాలో తక్కువ. దుకాణంలో గోడకు మూడు పటాలుంటాయి, తెలుగు అక్షరాలది, కన్నడ అక్షరాలది, ఉర్దూ అక్షరాలది, ఏ కళ్లకు ఏ చదువు వస్తే ఆ పటం ముందు కూర్చోబెడతాను. రాజ్యలక్ష్మి టీచరు ఏటేటా వచ్చేవారు, ఏటేటా పెద్ద అక్షరం నుంచి అడుగు వరుస దాకా గడగడా చదివి, చూశావా నాయనా అన్నట్టు నవ్వేవారు. ఒకసారి దుకాణానికి సున్నం వేయిస్తూ పటాలన్నీ తీసి లోపల పెట్టాం. ఆవిడ వచ్చి మామూలు కుర్చీలో కూర్చుని, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, ఖాళీ గోడ వైపు చూస్తూ చివరి వరుస దాకా ఒక్క తప్పు లేకుండా చదివారు. తడి సున్నం వాసన, ఆ గొంతు, ఆ తెల్లటి గోడ. నేను బాగుంది టీచరమ్మా అన్నాను, బాగుంది అనకుండా ఇంకేమనాలి, ఆ సాయంత్రం వాళ్ల అబ్బాయికి విడిగా చెప్పాను. ఇప్పుడు ఈ స్టీరింగు వెనక కూర్చుని, నాకు తెలిసిన దారిలో, నేను చూసి నడుపుతున్నానా, చదువుతున్నది ఖాళీ గోడనా అని అడుగుతున్నాను. అడగటానికి నా భార్య లలితాంబ లేదు. ఉంటే కళ్లల్లోకి చూసి చెప్పేది. ఈ పండక్కి ఆమె పోయి రెండేళ్లు దాటుతాయి.

అందుకే ఇవాళ కరియమ్మను తీసుకొచ్చాను. మా ఇంట్లో వంట చేస్తుంది, ఈ ఊరి మనిషే, తమ్ముడి ఇంటికి పోయొద్దువు రా అంటే వచ్చింది. అసలు సంగతి బీఎస్సీలో నేర్చుకున్నంత సులువైనది. లోపం ఎక్కడుందో తెలియనప్పుడు రెండో సాధనంతో కొలవాలి. ఇద్దరికీ చీకటైతే తప్పు బండిది. నాకొక్కడికే అయితే నాది.

ఆమె శెనక్కాయల మూట చంకన పెట్టుకుని వచ్చి వెనక తలుపు పట్టుకుంది.

"ముందర కూసో కరియమ్మా."

"అక్క జాగల నేనెట్ల కూసుంట సావుకారూ?"

"ఎనక కూసుంటే తొవ్వ కనపడదు. ఇయ్యాల నువ్వు తొవ్వ చూడాలె."

"తొవ్వ చూసేటానికి నన్ను పట్కొస్తిరా! కండ్లద్దాల దుకాణం మీది, కండ్లు నావి," అని గొణుగుతూ ముందరి సీటు అంచు మీద, సగం మాత్రమే ఆనేట్టు కూర్చుంది. ఆ సీటులో ఒక స్ప్రింగు లలితాంబ కూర్చున్నప్పుడు చేసే చప్పుడే ఇప్పుడూ చేసింది. స్ప్రింగుకు మనుషుల తేడా తెలియదు. నాకు మాత్రం వీపు మీద ఎవరో చన్నీళ్లు చల్లినట్టయింది.

"మలుపు కాడ చీకటైతే చెప్పు. కాకుంటే కాలేదని చెప్పు. ఏదైనా సరే, అబద్ధం చెప్పకు."

"అబద్ధం ఎందుకు చెప్త? జీతమేమన్న కోస్తరా?"

ఊరు దాటాక లైట్లు వేశాను. పచ్చటి, పాతకాలపు వెలుగు, ఇప్పటి బళ్ల తెల్లటి సూదుల్లా గుచ్చదు, నెయ్యి కరిగినట్టు రోడ్డు మీద పరుచుకుంటుంది. ఈ వెలుగులో మా నాన్న పత్తి కొనటానికి ఊళ్లు తిరిగాడు, ఈ వెలుగులో నేను లలితాంబను మొదటిసారి వాళ్ల ఊరి నుంచి తెచ్చుకున్నాను. ఆమె అప్పుడు కారు ఎక్కితే కడుపులో తిప్పుతుందని నిమ్మ ఆకు నలిపి వాసన చూస్తూ కూర్చుంది. రెండు పక్కలా ఏరిన పత్తి చేలు, నల్లగా, పింజలు మాత్రం తుమ్మ కంపలకు పట్టుకుని తెల్లగా వేలాడుతున్నాయి. పత్తి లారీలు రాసుకుంటూ పోయి వదిలిన పింజలవి, గాలి లేకపోయినా కదులుతున్నట్టుంటాయి. వాటి వెనక బండరాళ్లు, ఒకదాని మీద ఒకటి, ఎవరో పెట్టి మరిచిపోయినట్టు. చిన్నప్పుడు అవి రాళ్లని నమ్మేవాణ్ణి కాదు, మనం చూడనప్పుడు కొంచెం జరుగుతాయని అనుకునేవాణ్ణి. ఉత్తరాన ఆకాశం కింద థర్మల్ కేంద్రం దీపాల మసక ఎరుపు.  కరియమ్మ శెనక్కాయ ఒకటి చిట్లించిన చప్పుడు.

దురుగమ్మ అంటే గుడి కూడా కాదు, మలుపులో నడుమెత్తు కట్టె, అంటే రాతి అరుగు మీద ఒక రాయి. నూనె తాగి తాగి నల్లబడిన రాయి. ముఖం ఉండదు, ముక్కు ఉండదు, రెండు వెండి కళ్లు మాత్రం మైనంతో అతికించి ఉంటాయి. కంటి జబ్బు వస్తే మొక్కుకుని, నయమైతే వెండి కళ్లు చేయించి అతికిస్తారు, పాతవి ఊడితే కొత్తవి. లలితాంబ మొదటిసారి చూసినప్పుడే అంది, "మీ దుకాణానికి పోటీ ఈడ ఉన్నది చూడుండ్రి, కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు." రాయి చంద్రబండ నుంచి వచ్చేవాళ్ల వైపే తిరిగి ఉంటుంది. బండి లైట్లు పడగానే చీకట్లో ఇంకేమీ లేకుండా రెండు కళ్లు మండుతాయి. అందుకే ఈ దారిన పోయే లారీవాళ్లు, ఆటోవాళ్లు అందరూ ఇక్కడ ఫుల్లు లైటును డిమ్ముకు దించుతారు, అమ్మ కళ్లల్లో దీపం కొట్టకూడదని. నేను సైన్సు చదివినవాణ్ణి, రాయికి కళ్లు జిగేలుమంటాయా అని వాదించేవాణ్ణి. లలితాంబ వాదించేది కాదు. మలుపు కనబడగానే "దించుండ్రి" అనేది, ముందరి మోరీ, ఆ చిన్న కల్వర్టు, దాటగానే "ఎత్తుండ్రి ఇగ" అనేది, ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా. నేను దించేవాణ్ణి, ఎత్తేవాణ్ణి. ఇల్లు ప్రశాంతంగా ఉండటానికి మనిషి ఎన్ని చేయడు. ఆమె పోయాక ఆ రెండు మాటలు లేవు. నేను మానేశాను. మానేయాలని మానేసింది కాదు, చెప్పేవాళ్లు లేక మానేశాను. మానేసినందుకే అమ్మ దీపం ఆర్పుతోందని కూడా ఒక గురువారం అనిపించింది. బీఎస్సీ చదివినవాడికి అలా అనిపించకూడదని ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

మలుపు వస్తోంది. తుమ్మ కంపలు ముందుకు వంగాయి. పురుగుల రొద ఎక్కడో తెగిపోయింది, లేక ఇంజను చప్పుడు పెరిగిందా. లైట్లు బాగా ఉన్నాయి, కిలోమీటరు రాయి కనిపించింది, దాని మీద కాకి రెట్ట కూడా కనిపించింది, కాకి రెట్ట కనిపించినవాడికి చూపు ఉన్నట్టే. అప్పుడు వెండి కళ్లు వెలిగాయి. ఎప్పటిలాగే ముందు ఒకటి, తర్వాత రెండోది, నిద్ర లేస్తున్నట్టు. స్టీరింగు ఎడమకు తిప్పాను. ఆ కళ్లు నన్నే చూశాయి, నేను వాటినే చూశాను.

చీకటి.

బ్రేకు నొక్కాను. చీకట్లో రెండు కళ్లు ఇంకా ఉన్నాయి, పచ్చగా, ఊగుతూ, నేను తల తిప్పితే అవీ తిరిగాయి. అది కంటి లోపలి బొమ్మ, వెలుగు పోయాక నిలిచే మరక, రోజూ మనుషులకు చెప్పేదే. అయినా నా తలతో పాటు తిరుగుతున్న దేవతను చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అది మెల్లగా కరిగింది. కరిగాక కూడా ఏమీ రాలేదు, రోడ్డు రాలేదు, చేతులు కనిపించలేదు. ఎక్కడి నుంచో నూనె వత్తి వాసన.  పక్క సీటులో స్ప్రింగు కిర్రుమంది. నేను చేతులు ఎత్తలేదు. ఇన్ని గురువారాలూ చేసిన పొరపాటు అదే, చీకటవగానే అన్నీ కదిలించేయటం. పాడైన క్షణంలో దేన్నీ ముట్టకూడదు, అది ఎలా ఉందో అలాగే చూడాలి. ఇంక మిగిలింది ఒక్క ప్రశ్న.

"కరియమ్మా. చీకటైందా?"

"అయింది."

"నీక్కూడా?"

"నాకేంది, లోకానికే అయింది! ఏం కనవడ్తలేదు."

 ఇద్దరికీ. తప్పు బండిది, నా కళ్లది కాదు. నా కళ్లు ఇంకా నావే. కళ్లద్దాలు తీసి, చీకట్లో తుడిచి, చీకట్లోనే పెట్టుకున్నాను. అప్పుడు ఆమె, మూట సర్దుకుంటూ, చాలా మామూలుగా అంది:

"మీరే ఆర్పి, చీకటైందా అని నన్నడుగుతరేంది?"

"నేను ఆర్పినానా?"

"మరి? మీ చెయ్యే పోయి ఆ స్టీరింగు పక్కన కాడను కిందికి ఒత్తింది. నా ముంగట్నే. నేను దండం పెట్టుకుంటున్నరు గదా అనుకున్న."

"నేను చెయ్యి తియ్యలేదు కరియమ్మా. రెండు చేతులూ స్టీరింగు మీదనే ఉన్నయ్."

"అయ్యో శివనే. అట్లయితే ఎవరి చెయ్యి సావుకారూ అది?"

ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. తలుపు వైపు కొంచెం జరిగింది. నేను వేళ్లతో మెల్లగా, పాము పుట్టలో పెట్టినట్టు, స్టీరింగు పక్కన కాడను తడిమాను. కిందికి ఉంది. దించి ఉంది. ఫుల్లు లైటు పెట్టినవాణ్ణి నేనే, గుర్తుంది, కిలోమీటరు రాయి గుర్తుంది, కాకి రెట్ట గుర్తుంది, ఇది మాత్రం గుర్తు లేదు. నా చెయ్యి నన్ను అడక్కుండా వెళ్లి వచ్చింది. ఇంతకు ముందు ఒకసారి వెళ్లింది. ఆసుపత్రిలో ఆ తెల్లవారుజామున, మిషను చప్పుడు మారాక, నర్సు ఇంకా వస్తుండగానే, ఈ చెయ్యే వెళ్లి లలితాంబ రెప్పలు మూసింది. వెళ్లమని నేను చెప్పలేదు. అది చేసిన పని నేను తర్వాత చూశాను. అంత మెత్తగా ఎలా చేసిందో, ఎవరి దగ్గర నేర్చుకుందో. ఇన్నేళ్లూ పక్క సీటులోంచి ఆమె చెబుతూ వచ్చింది నా చెవికి కాదేమో. ఆమె పోయిన సంగతి చేతికి ఎవరూ చెప్పలేదు. మలుపు రాగానే దానికి వినిపిస్తూనే ఉంది.

అయితే దించితే ఆరటం దేనికి? దించితే వెలుగు తగ్గాలి, ఆరకూడదు. దారిలో ఎదురు లారీలు వచ్చినప్పుడు కావాలనే దించాను, ఆరలేదు. రంగా షెడ్డులో దించాడు, ఆరలేదు. ఆలోచన ఇటు తిరిగేసరికి కొంచెం ఊపిరి ఆడింది, లెక్కలో మనిషికి ఒక నీడ దొరుకుతుంది. రోడ్డు మధ్యలో ఉన్నాను, ముందు పక్కకు తీయాలి అని, కాడను ముట్టకుండా, స్టీరింగు తిన్నగా తిప్పాను. ఏ చప్పుడూ లేకుండా లైట్లు వెలిగాయి. కరియమ్మ కెవ్వుమంది. వెలిగింది తక్కువ వెలుగు, దించిన వెలుగు, కట్టె అడుగున రాలిన బంతిపూలు, ఒక పగిలిన కొబ్బరిచిప్ప, దాని పక్కన ముడుచుకు పడుకున్న చిన్న కుక్కపిల్ల. అది తలెత్తి మమ్మల్ని చూసి ఆవులించింది. మళ్లీ ఎడమకు తిప్పాను. చీకటి. తిన్నగా. కుక్కపిల్ల. ఎడమకు. చీకటి. కుడికి తిప్పాను, కుక్కపిల్ల ఉంది.

"చాలిండ్రి ఇగ, దాని నిద్ర పాడు చేస్తుండ్రు," అంది కరియమ్మ, గొంతు తిరిగి వచ్చింది.

రెండు దీపాలూ ఒకేసారి పోతున్నాయంటే బల్బులది కాదు, ఫ్యూజులదీ కాదు, ఈ బండికి ఏ దీపం ఫ్యూజు దానిదే. రెండు దారులుగా చీలకముందే తెగుతోంది. ఫుల్లుకు ఒక తీగ, దించితే ఇంకొక తీగ, తెగేది రెండోది. అదీ స్టీరింగు ఎడమకు తిరిగినప్పుడే. దించటం, ఎడమకు తిప్పటం, ఈ రెండూ ఒక్క చోట కలిసేది ఈ దారి మొత్తంలో ఇక్కడే. వేరే మలుపుల్లో నేను దించను, లారీలకు దించేది తిన్నటి రోడ్డు మీద. షెడ్డులో రంగా చక్రం తిప్పలేదు. ఎవరూ ఆర్పలేదు. ఇదంతా ఒక తీగ. నేను ఇంజను ఆపి, సీటు వెనక్కి నెట్టి, తల కిందికి, కాళ్లు తలుపు బయటికి పెట్టి డాష్‌బోర్డు కింద దూరాను. కరియమ్మ ఫోను దీపం పట్టుకుంది.

"ఎల్లకిల పడ్డ బొద్దింక లెక్కున్నరు. అక్క చూస్తే నవ్వి సచ్చేది," అని, వెంటనే నాలుక కరుచుకుంది.

"నవ్వనియ్యి," అన్నాను కింది నుంచి.

క్లిప్పు ఊడిపోయి తీగల కట్ట జారి స్టీరింగు రాడ్డుకు ఆనుకుని ఉంది. రాడ్డు ఎడమకు తిరిగినప్పుడల్లా దాన్ని కొంచెం లాగుతోంది. పైకి తొడుగు బాగానే ఉంది, గుడ్డ తొడుగు, మా నాన్న కాలంది. ఒక్కొక్క తీగనూ వేళ్ల మధ్య వంచి చూస్తే ఒకటి మాత్రం మధ్యలో ఎముక విరిగిన వేలులా వంగింది. లోపల రాగి తెగి, తెగిన కొసలు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ముట్టుకున్నంతసేపు వెలుగు, లాగితే చీకటి. అంత చిన్నదానికి ఇన్ని గురువారాలు. కళ్లద్దాల మరలు తిప్పే బుల్లి స్క్రూడ్రైవరు ఎప్పుడూ జేబులో ఉంటుంది, గోళ్ల కత్తెర ఉంది, తొడుగు గీకి, కొసలు మెలిపెట్టి, కరియమ్మ శెనక్కాయల సంచి నుంచి చింపి ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీ చుట్టాను. కట్టను రాడ్డుకు దూరంగా లాగి కట్టటానికి ఏదైనా కావాలి.

"కొంగు అంచు చింపిస్తావా?"

"కొత్త చీర సావుకారూ! అంచు చింపమంటరు, సిగ్గుండాలె," అని జడకున్న రబ్బరు తీసి ఇచ్చింది.

అది సరిపోయింది. లేచి కూర్చుని ఊపిరి తీసుకుంటుండగా ఫోను మోగింది. నేత్ర. ఈ వేళకు మలుపు దాటి ఉంటానని లెక్క వేసుకుని ఉంటుంది.

"నాన్నా, దాటినవా? ఆరినయా?"

ఆరలేదనొచ్చు. ఇప్పుడు వెలుగుతున్నాయి కదా. "ఆరినయ్ బిడ్డా," అన్నాను. "కరియమ్మక్కూడ చీకటైంది. కండ్లు బాగనే ఉన్నయ్. డిమ్ము తీగ తెగింది, ఇప్పుడే కలిపిన."

"మరి గా మలుపులనే ఎందుకు ఆరుతుండె?"

"ఆడికొస్తే నేనే దించుతున్ననంట. నాకు తెలుస్తలేదు."

ఫోనులో వెనక ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత. నేత్ర చిన్నప్పుడు వెనక సీటులో పడుకుని వచ్చేది, ఈ దారి అంతా.

"అమ్మ దించుమన్నప్పుడల్ల నేను కండ్లు మూసుకుంటుంటి," అంది చివరికి. ఆ గొంతులో వాదన లేదు. తర్వాత మళ్లీ నా కూతురైంది. "నువ్వు చెప్తున్నది సుత నాకు భయమే నాన్నా. చెయ్యి నీకు తెల్వకుండ పోతున్నదంటే ఎట్ల? ఇంకోసారి గదే మలుపు తిప్పు. చెయ్యి చూస్కుంట తిప్పు. లైటు ఆరకుంటే, చెయ్యి నీ మాట వింటే, తాళంచెవి నీ దగ్గర్నే ఉంచుకో. అమరేశ్‌కు నేను చెప్త, హోటలాయన పూలు వేరేచోట నాటుకుంటడు."

న్యాయమే. బాగు చేసిన ఏ వస్తువునైనా చెడిన పరిస్థితిలోనే పరీక్షించాలి, ఇది నేను ఎవరికి నేర్పానో వాళ్లే నాకు చెబుతున్నారు. బండి తిప్పి చంద్రబండ వైపు కొంచెం దూరం వెళ్లాను. అటు పోతున్నప్పుడు రాయి వీపు కనిపిస్తుంది, మామూలు రాయి, కళ్లు లేని ఏ రాయి అయినా మామూలుగానే ఉంటుంది. పెద్ద బండల దగ్గర తిప్పుకుని మళ్లీ బయల్దేరాను. ఫుల్లు లైటు. కరియమ్మ ఈసారి సీటు నిండా కూర్చుంది. నేను రోడ్డు చూస్తూ, రోడ్డుకంటే ఎక్కువ నా చెయ్యి చూస్తున్నాను. ముడతలు, ఉంగరం వదులైన వేలు, గోటి కింద ఇప్పుడంటిన నల్లటి జిడ్డు. నాది కాని ఒక ముసలి జంతువు అక్కడ పడుకుని ఉన్నట్టు చూస్తున్నాను. తుమ్మ కంపలు వంగాయి. కిలోమీటరు రాయి. కళ్లు, ముందు ఒకటి, తర్వాత రెండోది. లే, అన్నాను మనసులో. నీకు వినిపిస్తుంది కదా, లే.

చెయ్యి లేవలేదు. స్టీరింగు మీద అలాగే ఉంది, మాట విన్నట్టు, ఏమీ తెలియనట్టు. వెండి కళ్లు వెలుగులో మండుతున్నాయి, అంత వెలుగు వాటి మీద ఎప్పుడూ పడి ఉండదు, నాకే ఇబ్బందిగా తల తిప్పుకోవాలనిపించింది. 'దించుండ్రి' అన్న మాట చేతికి వినిపించలేదు. అప్పుడు నాకు అర్థమైంది ఏం పోయిందో. తెగినదాన్ని వెతికి కలిపాను, వెతుకుతూ వెతుకుతూ, తెగకుండా ఉన్న ఒక్కదాన్నీ బయటికి లాగి వెలుగులో పెట్టాను. ఇక అది రాదు. చూస్తుంటే రాదు. ఇకముందు నేను చూడకుండా ఉండలేను. నేత్ర అడిగిన దానికి జవాబు దొరికింది, చెయ్యి తనంతట తాను కదలటం లేదు, వింటే ఇక నా ఒక్కడి మాటే.

నేనే కాడ దించాను. తెలిసే దించాను. వెలుగు మెత్తగా నేల మీదికి వంగింది, ఆరలేదు. చక్రం ఎడమకు, పూర్తిగా ఎడమకు తిరిగింది, ఆరలేదు. కట్టె అడుగున కుక్కపిల్ల ఈసారి లేవలేదు. కరియమ్మ రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. రాయి, పూలు, చిప్ప, నల్లటి నూనె మరక, అన్నీ పక్క నుంచి నెమ్మదిగా వెనక్కి పోయాయి.

"ఆరలే," అంది కరియమ్మ కళ్లు తెరిచి. "ఇగ పూలకుండీలు లేవు."

"లేవు."

"మరి ఎందుకట్ల ఉన్నరు?"

ఏం లేదన్నాను. శెనక్కాయలు రెండు ఒలిచి నా అరచేతిలో పెట్టింది. పచ్చివి, ఇంకా మట్టి వాసన వస్తున్నవి. నోట్లో వేసుకున్నాను. పాలు పట్టిన గింజలు, తియ్యగా ఉన్నాయి. ఇంటికి వెళ్లగానే నేత్రకు ఫోను చేయాలి, పొద్దున రంగాతో ఆ చోట సరైన టేపు వేయించాలి, కరియమ్మకు కొత్త రబ్బరు కొనాలి, జడ విప్పుకుని కూర్చుంది పాపం, బంపరుకున్న నిమ్మకాయను ఉంచాలా తీయాలా, ఉండనీ, దాని మానాన అది ఉంది. ఎదురుగా రోడ్డు చాలా దూరం దాకా కనిపిస్తోంది, చివర రాయచూరు కొండ మీద కోట దీపాలు, వాటికంటే ముందు, ఎక్కడో చేను గట్టున, తలగుడ్డ చుట్టుకున్న మనిషి ఒకడు సైకిలు నడిపించుకుంటూ పోవటం కూడా కనిపిస్తోంది. అంత దూరం వాణ్ణి ఎలా చూడగలుగుతున్నాను అనుకున్నాను. మోరీ ఎప్పుడో వెనకబడింది. నా చెయ్యి స్టీరింగు మీద ఉంది. దాని పక్కన కాడ పైకి ఉంది, ఎత్తినట్టు నాకు గుర్తు లేదు.

కరియమ్మ అటు వైపు కిటికీలోంచి చేలు చూస్తోంది. నేను ఆమెను ఏమీ అడగలేదు.